రొయ్యల గుంటల సెన్సార్ ప్రోగ్రాం: సబ్‌క్లాసులు పీకేసి పొరలు వేసిన డైరీ

పని జరిగిన చోటు నెల్లూరు జిల్లా మైపాడు వైపు ఆరు వనామీ రొయ్యల గుంటలు, వాటికి ఒక మోటారు షెడ్డు. పని ఏమిటంటే, ప్రతి సెన్సార్‌కూ కావలసిన అదనపు సౌకర్యాలే తగిలించడం, అక్కర్లేనివి తగిలించకపోవడం, దానికోసం కొత్త సబ్‌క్లాసు (ఉన్న క్లాసు నుంచి వారసత్వంగా పుట్టించే క్లాసు) రాయకపోవడం. పుస్తకాల్లో దీన్ని డెకరేటర్ ప్యాటర్న్ అంటారు. ఇక్కడ పొర అనే పిలుస్తున్నాం. ఎవరైనా ఇదే చేయబోతే 3, 4, 5 దశలు ముందు చదవండి, దెబ్బలన్నీ అక్కడే ఉన్నాయి.

దశ 0: ఉన్న సరంజామా

1. ఆరు గుంటల్లో ఆరు డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) ప్రోబులు, అంటే నీటిలో ముంచే సెన్సార్లు. ఆర్‌ఎస్-485 తీగ మీద మోడ్‌బస్ (ప్రశ్న, జవాబుల పద్ధతి), 9600 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు).
2. షెడ్డుకు ఆనుకున్న రెండు గుంటల్లో నీటి వేడికి డీఎస్18బీ20 సెన్సార్ చిప్పు, 4.7 కిలో ఓమ్ పులప్ రెసిస్టర్‌తో. దాని 1-వైర్ తీగను గట్ల మీదుగా ఇంకా దూరం లాగితే నమ్మకం ఉండదు, అందుకే రెండే.
3. షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, మెసేజీలు పంపే జీఎస్‌ఎం మోడెం, చిన్న స్క్రీన్. ప్రోగ్రాం పైథాన్ 3లో.

సెన్సార్లు ఎనిమిది, రకాలు రెండు. అడిగిన సౌకర్యాలు ఏడు: మళ్లీ ప్రయత్నం, వడపోత (హద్దు దాటిన విలువను ఆపడం), క్యాలిబ్రేషన్ (ప్రోబు చూపే అంకెను సరిదిద్దడం), మధ్యస్థం (చివరి అయిదు రీడింగులను చిన్న నుంచి పెద్దకు పేరిస్తే నడిమిది), లాగ్ (రాసిపెట్టడం), హెచ్చరిక, క్యాష్ (చదివిన విలువను కాసేపు దాచి మళ్లీ ఇవ్వడం). ఏ సెన్సార్‌కు ఏవి కావాలో గుంటను బట్టి మారుతుంది. పిల్ల వదిలిన గుంటకు హెచ్చరిక తప్పనిసరి. పట్టుబడి అయిపోయి ఎండగట్టిన గుంటకు అది ఉంటే తలనొప్పి.

పాత ప్రోగ్రాంలో ప్రతి కలయికకూ ఒక సబ్‌క్లాసు ఉండేది. 'లాగ్ ఉన్న, మళ్లీ ప్రయత్నించే డీఓ సెన్సార్' లాంటి పేర్లు. ఏడు సౌకర్యాలకు 2×2×2×2×2×2×2 = 128 కలయికలు, రెండు రకాల సెన్సార్లకు 256. అన్నీ రాయలేదు, అవసరమైనప్పుడల్లా ఒకటి రాసుకుంటూ పోయారు.

ఇప్పటిదాకా లెక్క: మూల క్లాసు 1, అసలు సెన్సార్లు 2, సబ్‌క్లాసులు 11. మొత్తం 14.

దశ 1: జెండాలు పెట్టి చూడటం (వదిలేశాం)

సబ్‌క్లాసులన్నీ తీసేసి, ఒకే క్లాసులో ఏడు అవును/కాదు జెండాలు పెట్టాం. చదువు() అనే ఒక్క ఫంక్షన్‌లో ఏడు 'ఇఫ్'లు. కలయికల బాధ తీరింది గానీ వరస గట్టిపడిపోయింది. వడపోత ముందా మధ్యస్థం ముందా అన్నది ఫంక్షన్‌లో రాసిన వరసే, గుంటను బట్టి మార్చలేం. పైగా లాగ్ రెండు చోట్ల కావాలి, ముడి విలువకు ఒకటి, శుద్ధి చేసిన విలువకు ఒకటి. ఒక జెండా రెండు చోట్ల నిలబడదు. రెండో జెండా పెట్టబోయి ఆగిపోయాం.

దశ 2: పొర

సూత్రం చిన్నది. పొర కూడా బయటికి సెన్సార్‌లాగే కనిపించాలి. లోపల మరో సెన్సార్‌ను పట్టుకోవాలి. అడిగింది లోపలికి పంపి, వచ్చిన జవాబు మీద తన పని తాను చేయాలి. లోపల ఉన్నది అసలు ప్రోబా, ఇంకో పొరా అన్నది దానికి తెలియకూడదు.

```
క్లాస్ పొర(సెన్సార్):
    మొదలు(లోపలిది):  నా.లోపలిది = లోపలిది
    చదువు():         రిటర్న్ నా.లోపలిది.చదువు()
    యూనిట్():        రిటర్న్ నా.లోపలిది.యూనిట్()
    గుర్తు():          రిటర్న్ నా.లోపలిది.గుర్తు()

క్లాస్ వడపోత(పొర):
    మొదలు(లోపలిది, కనిష్ఠం, గరిష్ఠం)
    చదువు():
        వి = నా.లోపలిది.చదువు()
        వి హద్దు దాటితే: తప్పు లేవనెత్తు
        రిటర్న్ వి
```

కీవర్డులను ఇక్కడ తెలుగులో రాశాం, టైపు చేసేటప్పుడు అవి ఇంగ్లీషులోనే ఉండాలి. పేర్లు మాత్రం పైథాన్ 3లో తెలుగులో పెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: కీబోర్డు కొన్ని మాటల మధ్య కంటికి కనపడని జీరో-విడ్త్ నాన్-జాయినర్ అక్షరం దూరుస్తుంది. పేరులో అది పడితే మా పైథాన్ వెర్షన్ ఒప్పుకోలేదు, లైను చూస్తే తప్పేమీ కనపడదు. అందుకే పొల్లు తర్వాత ఇంకో హల్లు వచ్చే పేర్లు మానుకున్నాం.

'వడపోత కూడా పొరకు సబ్‌క్లాసే కదా' అని అడగొచ్చు. అవును. కానీ ఆ వారసత్వం ఒకే మెట్టు, రూపం కలవడానికి మాత్రమే. వడపోతకు డీఓ సెన్సార్‌తో చుట్టరికం లేదు. ఏ సెన్సార్‌కు ఏది తగలాలన్నది ప్రోగ్రాం నడిచేటప్పుడు తేలుతుంది.

ఇంకో తికమక. పైథాన్‌లో ఫంక్షన్ నెత్తిన యాట్ గుర్తు పెట్టి రాసేదాన్ని కూడా డెకరేటర్ అనే అంటారు, 2004లో 2.4 వెర్షన్‌తో వచ్చింది. అది ఫంక్షన్‌ను గానీ క్లాసును గానీ నిర్వచించేటప్పుడే చుడుతుంది, కాబట్టి ఆ క్లాసు వస్తువులన్నిటికీ వర్తిస్తుంది. మనకు కావలసింది మూడో గుంట ప్రోబుకు మాత్రమే ఒక సౌకర్యం. దానికి దగ్గరి చుట్టం జావా: 1996 నాటి మొదటి వెర్షన్ నుంచీ ఫైలు స్ట్రీమ్ మీద బఫర్ స్ట్రీమ్ చుట్టడం ఇదే పద్ధతి.

ఇప్పటిదాకా లెక్క: మూల క్లాసు 1, సెన్సార్లు 2, పొర 1, రకరకాల పొరలు 7. మొత్తం 11. కలయికలు 256 అలాగే ఉన్నాయి, రాయాల్సిన క్లాసులు మాత్రం లేవు.

దశ 3: వరస తప్పితే ఏమవుతుంది

క్లాసులు రాయడం ఒక పూట పని. పొరల వరస కుదరడానికే రోజులు పట్టాయి.

*తప్పు 1: 85 డిగ్రీలు.* నీటి వేడి 29 దగ్గర నడుస్తూ ఉన్నట్టుండి 85.0 అని వచ్చేది. డీఎస్18బీ20కి కరెంటు అందగానే దాని రిజిస్టర్‌లో ఉండే తొలి విలువ 85. కొలత పూర్తి కాకముందు చదివినా, మధ్యలో వోల్టేజీ పడిపోయి చిప్పు రీసెట్ అయినా అదే వస్తుంది. పక్క షెడ్డులో ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) మోటార్లు స్టార్ట్ అయ్యే క్షణంలో వస్తోందని లాగ్‌లో కనపడింది. సీఆర్‌సీ (పంపిన బిట్లు చెడలేదని చూసే లెక్క) సరిపోతుంది కాబట్టి డ్రైవర్ దాన్ని తప్పు అనదు. 12 బిట్ల కొలతకు 750 మిల్లీసెకన్లు ఆగాలి, అది ఆగుతూనే ఉన్నాం. మిగిలింది వడపోత: 15 నుంచి 40 డిగ్రీలు దాటితే తప్పు.

వడపోతను మళ్లీ ప్రయత్నానికి బయట వేశాం. అదే పొరపాటు. లోపలి మళ్లీ ప్రయత్నం దృష్టిలో 85 అంటే రీడింగు వచ్చేసినట్టే, అది ఊరుకుంది. బయటి వడపోత దాన్ని పారేసింది. రెండో ప్రయత్నం జరగనే లేదు, స్క్రీన్ మీద గీత. వడపోతను లోపలికి నెట్టాక అది లేవనెత్తిన తప్పు మళ్లీ ప్రయత్నం చేతికి చిక్కింది, ముప్పావు సెకనులో 29 వచ్చింది.

*తప్పు 2: సగటు.* మధ్యస్థం బదులు మొదట అయిదు రీడింగుల సగటు వాడాం, వడపోత లేని గుంటలో కూడా. నాలుగు 29లు, ఒక 85: సగటు 40.2. మధ్యస్థం అయితే 29 దగ్గరే నిలుస్తుంది. దానికీ ఒక ఖరీదు ఉంది. నిజంగా విలువ పడిపోతే అయిదింటి మధ్యస్థం మూడో రీడింగుకు గానీ ఒప్పుకోదు. నిమిషానికి ఒకటి చొప్పున రెండు నిమిషాల ఆలస్యం. డీఓ తెల్లారుజామున గంటల తరబడి మెల్లగా దిగుతుంది కాబట్టి సర్దుకోవచ్చు. వెలుతురు లేక నాచు ఆక్సిజన్ చేయదు, రాత్రంతా నాచూ రొయ్యా రెండూ పీలుస్తూనే ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల మబ్బు రోజుల్లో పగలు కూడా సరిగా నిండదు. ఆ రోజుల్లో ఈ రెండు నిమిషాలు కూడా ఎందుకనుకునే గుంటకు మధ్యస్థం పొర తీసేయొచ్చు. పొరలు వేసింది ఇలాంటివాటికే.

*తప్పు 3: నిమిషానికి పన్నెండు మెసేజీలు.* స్క్రీన్ 5 సెకన్లకోసారి విలువ అడుగుతుంది. ప్రోబును అన్నిసార్లు లేపకుండా 60 సెకన్ల క్యాష్ వేశాం. హెచ్చరిక పొరను దానికి బయట పెట్టాం. డీఓ 4 మి.గ్రా./లీ. కిందికి దిగిన తెల్లారుజామున స్క్రీన్ అడిగిన ప్రతిసారీ హెచ్చరిక అదే పాత విలువ చూసి మెసేజ్ కొట్టింది. 60 భాగించి 5, పన్నెండు. కాపలా మనిషి ఫోన్: "అన్నా, ఏరేటర్లు అన్నీ తిరగతానే ఉండాయి, ఈ ఫోను మాత్రం ఆగట్లా!"

దిద్దుబాటు రెండు మెట్లు:

1. హెచ్చరికను క్యాష్ లోపలికి మార్చాం. పన్నెండు పోయి నిమిషానికి ఒకటి అయింది.
2. పొరలోనే 'మోగింది' అన్న గుర్తు పెట్టాం. 4.0 కిందికి పోతే ఒక్కసారి మోగుతుంది, 4.5 దాటేదాకా మళ్లీ మోగదు. ఒకే గీత పెట్టుకుంటే 3.98, 4.02 మధ్య ఊగినంతసేపూ మోగుతుంది.

*తప్పు 4: పై దిద్దుబాటు తెచ్చిన తప్పు.* హెచ్చరిక క్యాష్ లోపలికి పోయాక, క్యాష్ గడువు తీరినప్పుడే అది నడుస్తుంది. టైమర్ 60 సెకన్లకోసారి అడుగుతుంది, గడువు కూడా 60. కొన్నిసార్లు 59.9 సెకన్ల వయసున్న విలువే దొరికి ఆ చుట్టు దాటిపోతుంది. స్క్రీన్ ఆపి చూస్తే లాగ్‌లో రీడింగుల మధ్య ఎడం ఒకసారి 60, ఒకసారి 120. గడువు 55 సెకన్లకు తగ్గించాక కుదిరింది. రెండు గడియారాలకు ఒకే అంకె ఇవ్వకండి.

కుదిరిన వరస, లోపలి నుంచి బయటికి:

ప్రోబు → వడపోత → మళ్లీ ప్రయత్నం → లాగ్ 'ముడి' → మధ్యస్థం → హెచ్చరిక → క్యాష్

కావాలన్న గుంటల్లో మధ్యస్థం తర్వాత లాగ్ 'శుద్ధం' అని ఇంకోసారి. ఒకే పొర రెండుసార్లు వేయడం వారసత్వంలో సాధ్యం కాదు, ఇక్కడ ఒక మాట ఎక్కువ రాస్తే చాలు.

దశ 4: తొమ్మిది సెకన్ల లెక్క

మోడ్‌బస్‌లో ఒక ప్రశ్న 8 బైట్లు, రెండు రిజిస్టర్ల జవాబు 9 బైట్లు. బైటుకు 10 బిట్లు వేసుకుంటే 170 బిట్లు, 9600 బాడ్‌లో సుమారు 18 మిల్లీసెకన్లు. ప్రోబు తన ఆలోచనకు తీసుకునే సమయం వేరే. ఆరూ బాగుంటే లెక్కలోకే రాదు.

గట్టు మీద ఎలుక తీగ కొరికిన రోజు అసలు లెక్క తేలింది. టైమౌట్ (జవాబు కోసం ఆగే సమయం) 1 సెకను. మన పొర 3 ప్రయత్నాలు. మోడ్‌బస్ లైబ్రరీలో కూడా ప్రయత్నాల అమరిక ఒకటుంది, అది కూడా 3 మీదే ఉంది. కలిపితే ఆరు కాదు, 3×3 = 9.

- ఒక గుంట: 9 సెకన్లు
- ఆరు గుంటలు: 54 సెకన్లు
- రెండు డీఎస్18బీ20లు: 1.5 సెకన్లు
- చుట్టు మొత్తం: 55.5 సెకన్లు

దీనిమీద ఒకటి రెండు మెసేజీలు మోడెం గుండా పోయేసరికి 60 దాటింది, చుట్టు మీద చుట్టు ఎక్కింది. పొరల్లో ఇది తరచూ జరిగేదే. ఒక్కో పొర తన వరకు న్యాయంగానే ఉంటుంది, రెండు ఒకే పని చేస్తున్నాయని ఏదీ చెప్పదు.

మార్చినవి:

1. లైబ్రరీ ప్రయత్నాలు 1కి తగ్గించాం. మళ్లీ ప్రయత్నించడం పొర పని మాత్రమే. ఆరు గుంటలకు 18 సెకన్లు.
2. మెసేజీలు పంపడం హెచ్చరిక పొరలోంచి తీసి విడిగా క్యూకు (పంపాల్సినవి వరసలో పెట్టి తర్వాత పంపేది) ఇచ్చాం. పొర క్యూలో వేసి వచ్చేస్తుంది.
3. తప్పులను కూడా 15 సెకన్లు క్యాష్ చేస్తున్నాం. లేకపోతే చచ్చిన ప్రోబును స్క్రీన్ 5 సెకన్లకోసారి లేపుతుంది, ప్రతిసారీ 3 సెకన్లు గోవిందా.
4. 5 నిమిషాలు వరసగా రీడింగు లేకపోతే అది కూడా హెచ్చరికే. మాట్లాడని ప్రోబును బాగున్నట్టు లెక్కేయడం ప్రమాదం.

ఆర్‌ఎస్-485 తీగ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి. స్క్రీన్ థ్రెడ్డూ టైమర్ థ్రెడ్డూ (ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే రెండు పనులు) ఒకేసారి అడిగితే జవాబులు కలగలిసి సీఆర్‌సీ తప్పులు వస్తాయి. దీనికి తాళం (ఒకరు వాడుతుంటే ఇంకొకరిని ఆపేది) పొర వేద్దామా అనుకున్నాం. వేయలేదు. పొర ఒక సెన్సార్‌ను చుడుతుంది, తీగ ఆరింటిదీ. పైగా తాళం ఐచ్ఛికం కాదు, ఎవరూ మర్చిపోకూడనిది. అది మోడ్‌బస్ సెన్సార్ క్లాసు లోపలే ఉండాలి.

ఇప్పటిదాకా లెక్క: 11, మెసేజీల క్యూ 1. మొత్తం 12.

దశ 5: చుట్టిన వస్తువు అసలు వస్తువు కాదు

*అ) తనను తాను పిలుచుకోవడం.* అసలు సెన్సార్ క్లాసులో నిలకడ_చదువు() అని ఒకటుండేది. అది తన చదువు()ను మూడుసార్లు పిలిచి తేడా చూస్తుంది. సబ్‌క్లాసుల కాలంలో ఆ పిలుపు సబ్‌క్లాసులో మార్చి రాసిన చదువు()కే వెళ్లేది. పొరల్లో అలా కాదు. పొర పిలుపును లోపలికి దాటించాక, లోపలి వస్తువుకు 'నేను' అంటే ఆ వస్తువే, బయటి పొరలు దానికి తెలియవు. వడపోత తగలకుండా 85 మళ్లీ స్క్రీన్ ఎక్కింది. వారసత్వానికీ చుట్టడానికీ ఉన్న అసలు తేడా ఇదే. పాత కోడ్‌ను మార్చేవాళ్లు మొదట ఇలాంటి పిలుపులే వెతకాలి. నిలకడ_చదువును క్లాసులోంచి తీసి, అన్నిటికన్నా బయటి వస్తువును తీసుకునే విడి ఫంక్షన్ చేశాం.

*ఆ) రకం అడగడం.* స్క్రీన్ కోడ్ 'ఇది డీఓ సెన్సార్ క్లాసుదేనా' అని అడిగి యూనిట్ వేసేది. చుట్టాక జవాబు 'కాదు'. మి.గ్రా./లీ. ఉండాల్సిన చోట డిగ్రీలు పడ్డాయి. రకం అడగడం మానేసి యూనిట్()నే అడుగుతున్నాం. సెన్సార్ వస్తువునే డిక్షనరీ తాళంచెవిగా వాడిన రెండు చోట్ల గుర్తు() ఇచ్చే 'గుంట3-డీఓ' లాంటి స్ట్రింగ్ పెట్టాం.

*ఇ) గెట్ఆట్ర్ అడ్డదారి.* ప్రతి ఫంక్షన్‌ను దాటించడం విసుగని, పొరలో పైథాన్ వారి గెట్ఆట్ర్ (ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లది, వస్తువులో లేని పేరు అడిగితే నడిచేది) రాసి, తెలియనివన్నీ లోపలికి తోసేశాం. ఇందులో మూడు దెబ్బలు తిన్నాం:

1. అది చదవడానికే, రాయడానికి కాదు. స్క్రీన్ నుంచి టైమౌట్ మారిస్తే ఆ విలువ బయటి పొరకు అంటుకుంది. లోపలి ప్రోబు పాతదానితోనే నడిచింది. తప్పు అని ఎక్కడా రాలేదు.
2. లెన్ (పొడవు చెప్పేది) లాంటి ప్రత్యేక ఫంక్షన్లను పైథాన్ వస్తువులో కాదు, క్లాసులో వెతుకుతుంది. వాటికి గెట్ఆట్ర్ అందదు.
3. మధ్యస్థం చరిత్ర నిలవడానికి పికిల్ చేసి (వస్తువును ఫైలులో దాచి) మళ్లీ తెరిస్తే రికర్షన్ (తనను తానే పిలుచుకుంటూ పోవడం) తప్పు. తెరిచేటప్పుడు మొదలు() నడవదు, లోపలిది అన్న ఫీల్డు ఇంకా పుట్టలేదు. దానికోసం గెట్ఆట్ర్, అందులో మళ్లీ లోపలిది, దానికి మళ్లీ గెట్ఆట్ర్. వెయ్యి మెట్ల దగ్గర పైథాన్ ఆపేసింది.

తీసేశాం. సెన్సార్ రూపంలో మూడే ఫంక్షన్లు, మూడు లైన్లలో దాటిస్తే సరి. ఇరవై ఫంక్షన్లు దాటించాల్సి వస్తే పొరను అనుమానించే ముందు ఆ రూపం అంత లావెందుకైందో చూడటం మంచిది.

దశ 6: క్యాలిబ్రేషన్ పొర కాదు

క్యాలిబ్రేషన్ అంటే వాలుతో గుణించి, ఒక స్థిరాంకం కలపడం. వాలు ధనాత్మకమైతే మధ్యస్థానికి ముందు చేసినా తర్వాత చేసినా విలువ ఒకటే, వరస బాధ లేదు. వడపోతతో మాత్రం కుదరదు, హద్దులు ఏ విలువకన్నది మారిపోతుంది. అది సరే, దీన్ని పొరగా తీసేయడానికి కారణం వేరే. పాచి పట్టిన ప్రోబులను కడిగి తిరిగి పెట్టేటప్పుడు రెండో గుంటది అయిదోదానిలోకి పోయింది. పొరల జాబితా గుంటది, క్యాలిబ్రేషన్ ప్రోబుది. ప్రోబు మారినా అంకెలు గుంటతోనే ఉండిపోయాయి. ఇప్పుడవి ప్రోబు సీరియల్ నంబరు పక్కన, అసలు సెన్సార్ క్లాసులో రెండు ఫీల్డులు.

ఇప్పటిదాకా లెక్క: 12లో ఒకటి పోయి 11.

దశ 7: పేర్చడం, పరీక్షలు

ప్రతి సెన్సార్‌కూ సెట్టింగుల ఫైలులో ఒక వరస. పేర్చే ఫంక్షన్ ఎడమ నుంచి చదివి ఒక్కో పొర చుడుతుంది. ప్రతి పొర క్లాసుకూ ఒక మెట్టు అంకె ఉంది: వడపోత 10, మళ్లీ ప్రయత్నం 20, మధ్యస్థం 40, హెచ్చరిక 50, క్యాష్ 60. అంకె వెనక్కి తగ్గితే ప్రోగ్రాం మొదలవ్వడానికే ఒప్పుకోదు. లాగ్‌కు మెట్టు లేదు, ఎక్కడైనా ఉండొచ్చు. మళ్లీ ప్రయత్నం రెండుసార్లు కనిపించినా నిరాకరణే. మొదలైనప్పుడు ప్రతి సెన్సార్‌కూ ఒక లైను ముద్రిస్తుంది:

క్యాష్(హెచ్చరిక(మధ్యస్థం(లాగ్(మళ్లీ ప్రయత్నం(వడపోత(గుంట3-డీఓ))))))

తప్పు వెతికేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఈ లైనే.

పరీక్షలకు నకిలీ సెన్సార్ ఒకటి: 29.1, 85.0, 29.2 అని జాబితా ఇస్తే వరసగా అవే చదువుతుంది. గడియారాన్ని కూడా బయటి నుంచి ఇస్తున్నాం, లేకపోతే క్యాష్ పరీక్షకు 55 సెకన్లు కూర్చోవాలి. ఒక్కో పొరకు విడిగా పరీక్ష, నిజంగా వాడుతున్న పేర్పులకు ఒక్కోటి.

పట్టుబడి రోజు హెచ్చరికను మధ్యలోంచి పీకడం ప్రయత్నించి మానేశాం. దానికి బయట ఉన్న పొర లోపలిదాన్ని మార్చుకోవాలి, అదే క్షణంలో ఇంకో థ్రెడ్డు చదువుతూ ఉండొచ్చు. మొత్తం మళ్లీ పేరిస్తే మధ్యస్థం చరిత్ర పోతుంది. చివరికి హెచ్చరిక పొరలో ఒక స్విచ్ పెట్టాం. జెండాలను దశ 1లో తిట్టినా, ఇక్కడ జెండాయే సరి. ఇది ఉండాలా వద్దా అన్న ప్రశ్న కాదు, కాసేపు ఊరుకో అనడమే.

మిగిలిన పని: గుంట ఎండగట్టినప్పుడు స్విచ్ వేయడం కాపలా మనిషి గుర్తుంచుకోవాల్సి వస్తోంది. ప్రోబు గాలిలో తేలితే డీఓ నిండుగా చూపిస్తుంది, దాన్నిబట్టి పట్టుకోవడం నమ్మదగింది కాదు. ప్రోబు పక్కన నీటి మట్టానికి ఒక ఫ్లోట్ స్విచ్ కట్టి చూడాలి.